మందారానికి చిగురే ప్రాణం



ఇవాళ మందార మొక్క పెంపకం గురించి మాట్లాడుకుందాం. పెరడున్న ఇంట్లో మందారం లేకపోవడం మన ఊళ్లలో అరుదు. ప్రహరీ పక్కనో, బావి గట్టునో ఏడాది పొడవునా పచ్చగా నిలబడి, పొద్దున్నే పూజకు నాలుగు ఎర్రపూలు ఇచ్చే మొక్క అది. పెరళ్లు తగ్గి మిద్దె తోటలు పెరిగాక కుండీలోకి ఎక్కింది. పెరట్లో ఎవరూ పట్టించుకోకపోయినా పూసిన మొక్క కుండీలోకి వచ్చాక మొండికేస్తోందని చాలామంది అంటుంటారు. "ఏపుగా పెరిగిందండీ, పువ్వే లేదు" అని ఒకరు. "మొగ్గలు బోలెడు వేస్తోంది, విచ్చుకోకముందే రాల్చేస్తోంది" అని ఇంకొకరు. ఈ రెంటికీ జవాబు చిగురు దగ్గర దొరుకుతుంది. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ చిగురు గురించే.

మందార పువ్వుకు ఒక్క పగలే ఆయుష్షు. తెల్లవారి విచ్చుకుంటుంది, పొద్దు వాలేసరికి ముడుచుకుంటుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో తొడిమతో సహా రాలిపోతుంది. ఈమధ్య వచ్చిన పెద్దపూల సంకర రకాలు కొన్ని రెండో రోజు కూడా నిలుస్తాయి గాని, మన నాటు ఎర్ర మందారానికి మాత్రం ఆ ఒక్క రోజే. మరి రోజూ పువ్వు ఎక్కడి నుంచి వస్తోంది? కొమ్మ కొసకు వెళ్లి చూడండి. కొత్తగా వచ్చిన ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట ఒక మొగ్గ ఉంటుంది. పైన ఇంకో ఆకు, దాని దగ్గర ఇంకో మొగ్గ. కొమ్మ సాగుతున్నకొద్దీ ఆకు వెంట ఆకు, మొగ్గ వెంట మొగ్గ. పూసి రాలిన చోట మళ్లీ మొగ్గ రాదు. ముదురు కొమ్మ ఆకుల్ని మోస్తుంది, కొత్త కొమ్మల్ని మోస్తుంది, పువ్వును మాత్రం ఇవ్వదు. కాబట్టి కొమ్మ కొస పెరగడం ఆగిందంటే ఇంకొన్నాళ్లకు పూత ఆగుతుందన్నమాట. ఎండైనా, నీళ్లైనా, ఎరువైనా, కత్తెరైనా, ఏం చేసినా ఆ కొస సాగడానికి పనికొస్తుందా లేదా అని చూసుకుంటే చాలు. మందారం పెంపకంలో మొదట పట్టుకోవలసిన సూత్రం ఇదే.

ఎండ సంగతి తొందరగా చెప్పేస్తాను. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి. నీడలో పెట్టిన మందారం చనిపోదు. నీడలో దాని ఆకులు ఇంకా వెడల్పుగా, ముదురు పచ్చగా వస్తాయి, కొమ్మలు సన్నగా పొడుగ్గా సాగుతాయి. చూసినవాళ్లు "అబ్బ, ఎంత ఏపుగా ఉందో" అంటారు. పువ్వు మాత్రం ఉండదు. ఎండ సోకని బాల్కనీలో మందారం పెట్టి దాన్ని కష్టపెట్టకండి, అక్కడికి వేరే మొక్కలున్నాయి. ఇక ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు మిద్దె మీది కుండీలకు పచ్చ వల కప్పుకోవచ్చు. కుండీ మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే వేళ్లు ఉడికిపోకుండా ఉంటాయి.

నీళ్ల దగ్గర కాస్త ఆగాలి. మొగ్గలు రాలిపోతున్నాయన్న మొరలో సగానికి మూలం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. మందారానికి కష్టం వస్తే ముందు వదులుకునేది మొగ్గనే. ఆ తర్వాత ముదురాకుల్ని. కొమ్మ కొసను మాత్రం చివరిదాకా కాపాడుకుంటుంది. రెండు రోజులు మట్టి ఎండిపోయేదాకా మరిచిపోయి, మూడో రోజు గుర్తొచ్చి బకెట్ కుమ్మరిస్తే, మొక్క ఆ రెండు దెబ్బలకూ కలిపి మొగ్గల్ని దులిపేస్తుంది. వేలు మట్టిలోకి రెండు అంగుళాలు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు కన్నం నుంచి నీళ్లు బయటికి వచ్చేదాకా పోయండి. వేసవిలో కుండీకి రోజూ కావాలి, కొన్ని రోజులు రెండు పూటలా కావాలి. వానాకాలంలో మాత్రం కుండీ కింద ఉంచిన పళ్లేన్ని తీసేయండి. వేళ్లు నీళ్లలో నానితే ఊపిరాడక కుళ్లుతాయి, అప్పుడు పై కొమ్మలు దాహం వేసినట్టే వేలాడతాయి. దాహమనుకుని ఇంకా నీళ్లు పోసి మొక్కను పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో.

రాలిన మొగ్గను పారేయకముందు ఒకసారి చేతిలోకి తీసుకోండి. బఠాణీ గింజంత పచ్చి మొగ్గలు రాలుతుంటే నీళ్లో, ఎండ వేడో కారణమనుకోవచ్చు. రంగు కనబడేంత పెద్దదై, రేపు పూస్తుందనగా రాలిందంటే, రేకులు విప్పి తెల్ల కాగితం మీద దులపండి. సన్నగా, కదులుతున్న చిన్న నూలుముక్కల్లాంటివి కనిపిస్తే అవి తామర పురుగులు. ముద్ద మందారంలో ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే దట్టమైన రేకుల మధ్య వాటికి దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. పైగా ముద్ద రకాలు ఏమాత్రం ఇబ్బంది కలిగినా మొగ్గ రాల్చే స్వభావం ఉన్నవే. మొదటిసారి పెంచేవాళ్లకు ఒంటిరెక్క ఎర్ర మందారమే మంచిదని నేను చెప్పేది అందుకే.

ఇక నేల. బడిలో మనలో చాలామందిమి మందార పువ్వుతో ఒక ప్రయోగం చేసి ఉంటాం. రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టి తీసిన రసంలో నిమ్మరసం వేస్తే ముదురు గులాబీ రంగుకు, సబ్బునీళ్లు వేస్తే పచ్చరంగుకు మారుతుంది. ఆమ్లమేదో, క్షారమేదో ఆ పువ్వు రంగుతో చెబుతుంది. నేల గురించి అదే సంగతిని మొక్క తన ఆకుతో చెబుతుంది. మందారానికి కాస్త ఆమ్లం వైపు ఉన్న నేల, ఉదజని సూచిక ఆరుకు, ఏడుకు మధ్య ఉన్న నేల హాయి. మన దగ్గర చాలా చోట్ల, ముఖ్యంగా హైదరాబాదు చుట్టుపక్కలా రాయలసీమలోనూ, బోరునీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందంటే ఆ నీళ్లే కుండీలోకీ వెళుతున్నాయని గుర్తుంచుకోండి. నెలల తరబడి అవే పోస్తే మట్టి క్షారమవుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోగల రూపంలో ఉండదు. దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుసా? మళ్లీ చిగురుకే. కొస ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టు ఉంటాయి.

పసుపు ఎక్కడ మొదలైందో చూడటం అలవాటు చేసుకోండి. అడుగు ఆకులు మొత్తంగా పసుపెక్కి ఒకటీ అరా రాలుతుంటే అది వయసు మీరిన ఆకు కావచ్చు, నత్రజని చాలకపోవడం కావచ్చు, దానికి మాగిన పశువుల ఎరువు సరిపోతుంది. కొస ఆకులు పసుపెక్కితే ఎంత పేడ ఎరువు వేసినా వెంటనే తేరుకోదు. సున్నపు నేలల్లో వేరుశనగ వేసే రైతులకు ఈ లక్షణం బాగా తెలుసు. వాళ్లు చేసే వైద్యమే మందారానికీ పనిచేస్తుంది. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎప్పటికప్పుడు తాజాగా, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి. ముందు ఒక కొమ్మ మీద చల్లి, రెండు రోజులు ఆగి, ఆకు మాడకపోతే మొక్కంతటికీ చల్లండి. వారం తర్వాత ఇంకోసారి. వానాకాలంలో మిద్దె మీద పడే వాననీటిని డ్రమ్ముల్లో పట్టి పోయగలిగితే అంతకంటే మంచి మందు లేదు.

కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద మందారానికి బలమని చెప్పేవాళ్లు మీకు తారసపడుతూనే ఉంటారు. ఆ రెండూ క్షారాన్ని పెంచేవే. ఇప్పటికే సున్నపు నీళ్లు తాగుతున్న మొక్కకు వాటిని ఇవ్వకండి. అలాగే పువ్వు కోసమని గుప్పెడు డీఏపీ గుళికలు చల్లడం. అందులో భాస్వరం పాలు చాలా ఎక్కువ. భాస్వరం మట్టిలో పేరుకుంటే ఇనుము, జింకు అందడం ఇంకా కష్టమవుతుంది. మందారం అడిగేది నత్రజని, దానితో సమానంగా పొటాష్. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి కుండీ నింపుకుంటే పునాది బాగుంటుంది. ఆపైన నెలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు. కొద్దికొద్దిగా, తరచుగా తినే మొక్క ఇది. ఒకేసారి ఎక్కువ నత్రజని పోస్తే చిగురు మెత్తగా, నీరుపట్టినట్టు వస్తుంది, ఆ మెత్తదనం కోసం పురుగులు కాచుకుని ఉంటాయి.

కత్తిరింపు దగ్గర చాలామందికి చెయ్యి ఆడదు. పచ్చటి కొమ్మను, అందులో దేవుడికి పూలిచ్చే మొక్కను ఎలా కోస్తామని వెనకాడతారు. ఆ మనసు నాకు అర్థమవుతుంది. కానీ కోయని మందారం ఏమవుతుందో చూడండి. నాలుగైదు కొమ్మలు పైపైకి పోతాయి. కింద అంతా ఆకులేని కర్ర. పూలు అందనంత ఎత్తున, కొసల్లో మాత్రమే పూస్తాయి. నాలుగు కొసలుంటే పూసేది ఆ నాలుగు చోట్లే. అదే కొమ్మను మూడోవంతు కోస్తే, కోసిన చోటికి కింద ఉన్న రెండు మూడు కణుపులు మేలుకుని తలా ఒక కొమ్మ వేస్తాయి. కొమ్మ కొసలో తయారయ్యే ఒక పదార్థం కింది కణుపుల్ని అణచి ఉంచుతుంది. కొస పోగానే ఆ అణచివేత పోతుంది. నాలుగు కొసలు పది, పన్నెండు అవుతాయి, పూలు కూడా ఆ లెక్కనే పెరుగుతాయి.

ఎప్పుడు కోయాలి? మన వాతావరణంలో రెండు అదనులున్నాయి. చలి తగ్గి ఎండలు ముదరకముందు, మాఘమాసం ప్రాంతంలో ఒకటి. తొలకరి పడి నేల చల్లబడ్డాక ఇంకొకటి. మాఘంలో గట్టిగా కోయండి, తొలకరికి తేలికగా సర్దండి. రోహిణీ కార్తె ఎండల్లో మాత్రం కత్తెర పట్టకండి. నీడ పోయిన లేత బెరడు ఆ ఎండకు మాడిపోతుంది. పదునైన కత్తెరతో, బయటి వైపు చూస్తున్న కణుపుకు పావు అంగుళం పైన, కాస్త ఏటవాలుగా కోయాలి. మొండి కత్తెర బెరడును నలిపేస్తుంది, నలిగిన చోట కొమ్మ ఎండుతూ కిందికి వస్తుంది. కోశాక మళ్లీ పూత అందుకోవడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. అన్నాళ్లు పూజకు పువ్వు లేకుండా ఎలా అనుకునేవాళ్లకు ఒక ఉపాయం ఉంది. కొమ్మల్ని మూడు వంతులు చేసుకోండి. ఈ నెల ఒక వంతు, వచ్చే నెల ఇంకో వంతు, ఆపై నెల మిగిలింది. చివరి వంతు కోసేనాటికి మొదట కోసినవి మొగ్గ తొడుగుతుంటాయి. మొక్కకూ ఒకేసారి ఆకులన్నీ పోయిన దెబ్బ తగలదు.

ఇప్పుడు పురుగుల సంగతి. మందారం ఎవరి చుట్టమో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. పత్తి, బెండ, గోంగూర, మందారం, నాలుగూ ఒకే కుటుంబం. బెండ పువ్వును, పత్తి పువ్వును, మందారాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అవే ఐదు రేకులు, నడుమ కేసరాలన్నీ కలిసి గొట్టంగా అల్లుకుని నిలబడిన అదే పోలిక. బెండకాయ కోస్తే వచ్చే జిగురు, తలకు రుద్దుకోవడానికి నూరిన మందారాకులో వచ్చే జిగురు ఒక కోవలోవే. చుట్టరికం ఉన్నచోట శత్రువులు కూడా ఉమ్మడి. పత్తి చేనులో రైతును పీడించే పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి మీ మిద్దె మీది మందారానికీ వస్తాయి. మందారం పక్కనే బెండ కుండీలు పెట్టుకున్నవాళ్లు రెంటినీ కలిపి చూసుకోవాలి. ఒకదానికి వైద్యం చేసి ఇంకోదాన్ని వదిలేస్తే పురుగు మళ్లీ ఇటు వస్తుంది.

అన్నిటిలోకీ మొండిది పిండినల్లి. కొమ్మ కొసన, మొగ్గ మొదట్లో తెల్లటి దూదిపొడిలా కనిపిస్తుంది. అందులో గులాబీ రంగు దేహం ఉన్న రకం ఒకటి మందారానికి బద్ధ శత్రువు. అది రసం పీల్చిన చోట చిగురు సాగదు, ఆకులు ముడుచుకుని గుత్తిగా, గడ్డకట్టినట్టు అయిపోతాయి. ఇది 1994లో కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవిలో బయటపడి, అక్కడి మందారపు కంచెల్ని ఎండగట్టి, పక్క దీవులకూ పాకింది. చివరికి దాన్ని అదుపు చేసింది పిండినల్లిని తినే ఒక అక్షింతల పురుగు, దాని దేహంలో గుడ్లు పెట్టే ఒక చిన్న కందిరీగ. ఆ అక్షింతల పురుగు పుట్టిల్లు ఆస్ట్రేలియా. మన దేశంలోనూ ద్రాక్ష తోటల్లో పిండినల్లి మీదికి దాన్ని వదులుతారు. ఇక్కడ ఒక హెచ్చరిక. దాని పిల్లపురుగు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. తేడా నడకలో తెలుస్తుంది. పిండినల్లి అంటుకుని కూర్చుంటుంది, కదిలినా నింపాదిగా కదులుతుంది. ఈ పిల్లపురుగు చురుగ్గా తిరుగుతూ పిండినల్లిని తింటూ పోతుంది. తెల్లగా ఉందని చంపేస్తే మేలు చేసేవాణ్ణి మనమే చంపినట్టు.

మొక్క మీద చీమలు బారులు తీరాయంటే పిండినల్లి కోసం వెతకండి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. ఆ జిగురు మీదే నల్లటి మసి బూజు పడుతుంది. ముందు చీమల దారి తప్పించండి. కుండీని గోడకు, పక్క మొక్కల కొమ్మలకు తగలకుండా జరిపి, నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద నిలబెట్టినా చాలు, పళ్లెంలో నీళ్లు మాత్రం ఎప్పటికప్పుడు మార్చాలి, లేదంటే దోమలు చేరతాయి. ముడుచుకుపోయిన కొసల్ని కోసి సంచిలో కట్టి పారేయండి, కంపోస్టు గుంతలో వేయకండి. మిగిలిన వాటిని నీటి ధారతో కడిగి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రవం బాగా చిలికి, సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా చల్లండి. వారం వారం మూడు సార్లు. మొదట్లో కనిపెడితే ఇంతకు మించి అక్కరలేదు. మొక్క ఒళ్లంతా పాకే విషపు మందుల జోలికి ఇంటి మందారం విషయంలో వెళ్లవద్దని నా గట్టి మాట. ఆ మందు పువ్వులోని తేనెలోకి కూడా చేరుతుంది. ఆ తేనె కోసం రోజూ వచ్చే తేనెపిట్ట ఉంది, తేనెటీగలున్నాయి. ఆ ఆకే నూరి పిల్లల తలకు పెడతాం, ఆ పువ్వే నూనెలో కాస్తాం.

చలిదేశాల్లో ఉన్న మనవాళ్ల గురించి రెండు మాటలు. న్యూజెర్సీలోనో, చికాగోలోనో ఉండి మందారం పెంచుకుంటున్నవాళ్లు రాత్రి చలి పది డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే కుండీని ఇంట్లోకి, కిటికీ వెలుతురుకు తెచ్చుకోవాలి. తెచ్చేముందు కొమ్మలు కోసి, ఆకులు కడగాలి. హీటరు వేసిన పొడిగాలిలో ఎర్రనల్లి త్వరగా పెరుగుతుంది. అక్కడ మంచులో కూడా బయటే బతికి, ఆకు రాల్చి, మళ్లీ చిగిర్చే మొక్క ఒకటి ఉంది, రోజ్ ఆఫ్ షారన్ అంటారు. అదీ ఈ కుటుంబానిదే, పువ్వూ అదే పోలికలో ఉంటుంది. కానీ అది వేరే జాతి. దాన్ని చూసి మన మందారాన్ని బయట వదిలేస్తే ఒక్క గడ్డకట్టే రాత్రికే పోతుంది.

చివరగా, కొత్త మొక్క కట్టుకోవడం. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ మొక్కను చైనా గులాబీ అన్న అర్థం వచ్చేలా శాస్త్రీయంగా నమోదు చేశాడు గాని, ఫలానా అడవిలో ఇది దానంతటది పెరుగుతోందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. నాటు ఎర్ర మందారం విత్తనం కట్టడం చాలా అరుదు. అంటే మన పెరళ్లలో ఉన్నదంతా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి కొమ్మగా వచ్చినదే. మలేసియా తన జాతీయ పుష్పంగా 1960లో ఎంచుకున్న పువ్వు కూడా ఇదే, అక్కడికీ ఇలా మనుషుల వెంటే వెళ్లింది. కడియం నర్సరీల్లో మీరు చూసే రంగురంగుల పెద్దపూల రకాల్లో చాలావాటికి సొంత వేళ్ల బలం తక్కువ, అందుకే వాటిని గట్టి వేళ్లున్న రకం మీద అంటుకడతారు. అంటు మొక్క కొంటే అతుకు ఎక్కడుందో చూసుకుని, దాని కింద నుంచి వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు తీసేయండి. వదిలేస్తే ఆ పిలకే బలం లాక్కుని, కొన్నాళ్లకు మీరు కొన్న రంగు పోయి వేరే పువ్వు పూస్తుంది.

నాటు రకానికి అంత శ్రమ లేదు. తొలకరి తర్వాత ఆషాఢ, శ్రావణాల్లో, కత్తిరింపులో తీసిన కొమ్మల నుంచే పెన్సిలు లావున్నవి ఎంచుకోండి. మరీ లేతవి కుళ్లుతాయి, మరీ ముదురువి వేరు వేయడానికి చాలా రోజులు తీసుకుంటాయి. జానెడు పొడవు ఉంచి, కింది వైపు కణుపుకు సరిగ్గా అడుగున కోయండి. పైన రెండాకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించండి. ఇసుక, కొబ్బరి పొట్టు సమంగా కలిపిన కుండీలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, చెట్టు నీడన పెట్టి, తడి ఆరకుండా చూసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి. మధ్యలో పీకి చూడకండి, కొత్త ఆకు విచ్చుకుని రంగు తిరిగితే వేరు పట్టినట్టే. అప్పుడు మట్టి కుండీలోకి మార్చి, వారం రోజులు నీడలో ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి. ఐదారు కొత్త ఆకులు వచ్చాక కొసను గోటితో తుంచేయండి. అప్పుడే మొగ్గ కనబడితే దాన్నీ తీసేయండి. ఆ ఒక్క కొస మూడు కొసలయ్యాక రెండోసారి వచ్చే మొగ్గల్ని ఉంచుకోవచ్చు.